మిస్ వరల్డ్ ఖర్చు ఎవరు పెట్టారు? లండన్ డ్యాన్స్ హాల్ నుంచి హైటెక్స్ దాకా

2025 మే నెలలో హైదరాబాద్‌లో జరిగింది 72వ మిస్ వరల్డ్ పోటీ. మొట్టమొదటిది జరిగింది 1951లో. ఏడాదికొకటి చొప్పున లెక్కేస్తే 2025లో జరిగింది 75వది కావాలి. మరి ఆ మూడూ ఏమయ్యాయి? కొవిడ్ వల్ల 2020లో పోటీయే పెట్టలేదు. 2021 పోటీ ప్యూర్టోరికోలో మొదలైంది కానీ, పోటీదారులకూ సిబ్బందికీ వైరస్ సోకడంతో డిసెంబరులో ఫైనల్‌కు కొన్ని గంటల ముందు ఆగిపోయి 2022 మార్చి 16న ముగిసింది. దాంతో 2022 పేరుతో పోటీ లేకుండా పోయింది. 2023 పోటీ ముంబైలో 2024 మార్చి 9న జరిగింది కాబట్టి 2024 పేరుతోనూ లేదు. 75లో మూడు పోతే 72.

హైదరాబాద్ పోటీ సమయంలో మన దగ్గర రేగిన ప్రశ్నలు మాత్రం ఈ లెక్కంత తేలిగ్గా తేలేవి కావు. ఇది ఎవరి పోటీ? ప్రభుత్వం ఎందుకు డబ్బు పెట్టింది? ఈత దుస్తుల రౌండ్ ఏమైంది? విజేతను ఎలా తేలుస్తారు? వీటిని విడివిడిగా చూస్తే తికమకే మిగులుతుంది. 1951 నుంచి ఖర్చు ఎవరు భరిస్తూ వచ్చారో వరసగా చూస్తే చాలా ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. మొదట ఒక డ్యాన్స్ హాళ్ల కంపెనీ, తర్వాత బ్రిటిష్ టీవీ, ఆ తర్వాత ఆతిథ్యం ఇచ్చే నగరాలు, ప్రభుత్వాలు. డబ్బు పెట్టేవాళ్లు మారినప్పుడల్లా పోటీ నియమాలు కూడా మారాయి.

ఇది దేశాల పోటీయా, కంపెనీల పోటీయా?

వేదిక మీద ‘ఇండియా’ అని రాసిన సాష్ (భుజం మీదుగా వేసుకునే పట్టీ) కనిపించేసరికి, ఒలింపిక్స్‌కు జట్టును పంపినట్టు ప్రభుత్వమే అమ్మాయిని ఎంపిక చేసి పంపుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మిస్ వరల్డ్ లండన్ కేంద్రంగా నడిచే ప్రైవేటు సంస్థ. తమ పోటీకి ఒక అమ్మాయిని పంపే హక్కును అది ఒక్కో దేశంలో ఒక్కో నిర్వాహకుడికి లైసెన్సుగా ఇస్తుంది. మన దేశంలో టైమ్స్ గ్రూపు నిర్వహించే ఫెమినా మిస్ ఇండియా ద్వారా అమ్మాయిలు వెళ్తున్నారు. హైదరాబాద్‌లో భారత్ తరఫున పోటీ చేసిన నందినీ గుప్తా 2023 ఏప్రిల్‌లో ఇంఫాల్‌లో ఫెమినా కిరీటం గెలిచింది. ప్రపంచ వేదిక ఎక్కడానికి రెండేళ్లకు పైగా ఆగాల్సి వచ్చింది. పైన చెప్పిన తేదీల జాప్యమే అందుకు కారణం.

మిస్ యూనివర్స్ పూర్తిగా వేరే సంస్థ. అది 1952లో అమెరికాలో పుట్టింది. అంతకుముందు మిస్ అమెరికా విజేత యోలాండ్ బెట్‌బెజ్ ఈత దుస్తుల్లో ఫొటోలకు ఒప్పుకోలేదు. ఆ పోటీకి డబ్బిస్తున్న క్యాటలీనా ఈత దుస్తుల తయారీదారు బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్న పోటీయే ఇది. 1960లో మొదలైన మిస్ ఇంటర్నేషనల్, 2001లో ఫిలిప్పీన్స్‌లో మొదలైన మిస్ ఎర్త్ ఇంకో రెండు. తెనాలిలో పుట్టిన శోభితా ధూళిపాళ 2013లో పోటీ చేసింది ఈ మిస్ ఎర్త్‌లోనే. 1994లో ఐశ్వర్యా రాయ్ గెలిచింది మిస్ వరల్డ్, సుస్మితా సేన్ గెలిచింది మిస్ యూనివర్స్. ఇద్దరూ ఒకే ఏడాది గెలవడంతో ఈ రెండు పేర్లూ మన దగ్గర ఇప్పటికీ కలగాపులగం అవుతుంటాయి.

ఈ సంస్థల మధ్య పోటీ ఎంత గట్టిదో హైదరాబాద్ విజేత ఓపల్ సుచాతా చువాంగ్‌శ్రీ ఉదంతమే చెబుతుంది. థాయ్‌లాండ్‌కు చెందిన ఆమె 2024 నవంబరులో మిస్ యూనివర్స్‌లో మూడో రన్నరప్. ఆ తర్వాత మిస్ వరల్డ్‌కు దరఖాస్తు చేసుకోవడంతో మిస్ యూనివర్స్ సంస్థ ఆ స్థానాన్ని వెనక్కి తీసుకుంది. గెలిచిన స్థానం కూడా కాంట్రాక్టుకు లోబడే ఉంటుందన్నమాట.

1951: ఉత్సవంలో ఒక బికినీ పోటీ

రెండో ప్రపంచ యుద్ధం నుంచి తేరుకుంటున్న బ్రిటన్ 1951లో ‘ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్’ పేరుతో పెద్ద ఉత్సవం జరిపింది. ఆ సందడిలో జనాన్ని తమ హాళ్లకు రప్పించడానికి మెక్కా అనే డ్యాన్స్ హాళ్ల కంపెనీలో పనిచేసే ఎరిక్ మోర్లీ ఒక పోటీ ఆలోచించాడు. అప్పటికి బికినీ కొత్త వింత. అందుకే ‘ఫెస్టివల్ బికినీ కాంటెస్ట్’ అన్నారు. దానికి మిస్ వరల్డ్ అన్న పేరు తగిలించింది పత్రికలే. జులై 29న లండన్‌లోని లైసియం బాల్‌రూమ్‌లో ఫైనల్ జరిగింది. పోటీదారుల్లో ఎక్కువమంది బ్రిటన్‌వాళ్లే, బయటి దేశాలవాళ్లు కొద్దిమందే. స్వీడన్‌కు చెందిన కికి హాకన్‌సన్ గెలిచింది.

ఆమెకు బికినీలోనే కిరీటం పెట్టారు. దీన్ని పోప్ తప్పుపట్టారు. మతసంప్రదాయాలు బలంగా ఉన్న దేశాలు ఇకమీదట అమ్మాయిలను పంపబోమని హెచ్చరించాయి. బయటి దేశాలు రాకపోతే ‘వరల్డ్’ అన్న మాటకే అర్థం ఉండదు కాబట్టి మరుసటి ఏడాది నుంచి బికినీ పోయి, ఒళ్లు ఎక్కువ కప్పే ఈత దుస్తులు వచ్చాయి. బయటి ఒత్తిడికి తలొగ్గి నియమం మార్చుకోవడం ఈ పోటీకి తొలి ఏడాదే అలవాటైంది. ఒక్కసారి పెట్టి వదిలేద్దామనుకున్న పోటీని మోర్లీ ఏటా కొనసాగించడానికి కారణం అమెరికాలో మిస్ యూనివర్స్ రాబోతోందన్న కబురు.

1959లో బీబీసీ ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టాక లెక్కలన్నీ మారిపోయాయి. టికెట్ కొన్న ప్రేక్షకుడికన్నా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న ప్రేక్షకుడు ముఖ్యమయ్యాడు. 1970 నాటికి ఒక్క బ్రిటన్‌లోనే 2 కోట్ల మందికి పైగా చూసే కార్యక్రమం అయింది. రీటా ఫారియా 1966లో గెలిచింది ఆ టీవీ యుగంలోనే. బొంబాయి గ్రాంట్ మెడికల్ కాలేజీలో చదువుతున్న ఆమె, మోడల్ పర్సిస్ ఖంబట్టా దగ్గర అరువు తెచ్చుకున్న ఈత దుస్తులతో లండన్ వెళ్లింది. ఆసియా నుంచి మిస్ వరల్డ్ అయిన మొదటి మహిళ ఆమే. గెలిచిన నెల తిరగ్గానే అమెరికా హాస్యనటుడు బాబ్ హోప్ బృందంతో వియత్నాంలోని అమెరికా సైనికుల ముందుకు వెళ్లాల్సి వచ్చింది. ఆ యుద్ధాన్ని వ్యతిరేకిస్తున్న మన దేశంలో దాని మీద తీవ్ర విమర్శలు వచ్చాయి. ఏడాది గడువు పూర్తికాగానే ఆమె సినిమా, మోడలింగ్ అవకాశాలన్నీ వదిలి వైద్య విద్యకు తిరిగి వెళ్లిపోయింది.

1970 నవంబరు 20: ఒకే రాత్రి మూడు వివాదాలు

ఈ పోటీ చరిత్రలో ఒక్క రాత్రినే దగ్గరగా చూడాలంటే ఇదే చూడాలి. ఇవాళ్టి వాదనలన్నీ ఆ రాత్రి లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఉన్నాయి.

మొదటిది స్త్రీవాదుల నిరసన. మహిళా విముక్తి ఉద్యమానికి చెందిన యువతులు మామూలు ప్రేక్షకుల్లా టికెట్లు కొని, ముస్తాబై లోపల కూర్చున్నారు. వ్యాఖ్యాత బాబ్ హోప్ జోకులు వేస్తుండగా ఒకరు ఫుట్‌బాల్ మ్యాచ్‌లో తిప్పే గిలక్కాయ మోగించారు. అదే సంకేతం. పిండి పొట్లాలు, కరపత్రాలు, పొగ బాంబులు వేదిక మీదికి ఎగిరాయి. హోప్ వేదిక వదిలి వెళ్లాడు, ప్రసారం కాసేపు అస్తవ్యస్తమైంది. అమ్మాయిలను సంతలో పశువుల్లా నిలబెట్టి మార్కులు వేస్తున్నారన్నది వాళ్ల అభ్యంతరం. తమ పోరాటం పోటీదారుల మీద కాదని కూడా వాళ్లు చెప్పారు.

రెండోది వర్ణవివక్ష. ఆ ఏడాదే నిరసనల దెబ్బకు దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టు ఇంగ్లండ్ పర్యటన రద్దయింది. శ్వేతజాతి అమ్మాయిని మాత్రమే పంపే ఆ దేశానికి చోటెలా ఇస్తారన్న ప్రశ్న మిస్ వరల్డ్‌కూ ఎదురైంది. మోర్లీ దంపతులు వెతికిన దారి విచిత్రమైనది. ఆ దేశం నుంచి ఇద్దరిని రప్పించారు. శ్వేతజాతి యువతి జిలియన్ జెసప్‌కు ‘సౌత్ ఆఫ్రికా’ సాష్, నల్లజాతి మూలాలున్న పెర్ల్ జాన్సెన్‌కు ‘ఆఫ్రికా సౌత్’ సాష్. దేశం పేరును తిరగేసి రాసిన ఆ సాష్‌తో నిలబడాల్సి రావడం ఆ అమ్మాయికి ఎంత అవమానమో చెప్పనక్కర్లేదు. అయినా ఆమె రెండో స్థానంలో నిలిచింది. జెసప్‌కు ఐదో స్థానం దక్కింది.

మూడోది ఫలితం. కిరీటం గ్రెనెడాకు చెందిన జెన్నిఫర్ హోస్టన్‌కు దక్కింది. మిస్ వరల్డ్ గెలిచిన తొలి నల్లజాతి మహిళ ఆమె. అందరూ గెలుస్తుందనుకున్న స్వీడన్ అమ్మాయి నాలుగో స్థానానికి పడిపోయింది. తొమ్మిది మంది జడ్జీల్లో ఒకరు గ్రెనెడా ప్రధాని ఎరిక్ గేరీ కావడంతో పత్రికలు విరుచుకుపడ్డాయి. చివరికి జడ్జీల కార్డులనే బయటపెట్టాల్సి వచ్చింది. అవి చూశాక అనుమానం ఇంకా పెరిగింది. స్వీడన్‌కు నలుగురు మొదటి స్థానం ఇచ్చారు, గ్రెనెడాకు ఇచ్చింది ఇద్దరే!

నాలుగు మొదటి స్థానాలున్న అమ్మాయి ఓడి, రెండున్న అమ్మాయి ఎలా గెలుస్తుంది? ఇక్కడ వాడింది మెజారిటీ ఓటు పద్ధతి. దాని తర్కం అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. తొమ్మిది మంది జడ్జీలు ఏడుగురు ఫైనలిస్టులకు 1 నుంచి 7 దాకా స్థానాలు ఇస్తారు. గెలవాలంటే జడ్జీల్లో సగానికి మించి, అంటే ఐదుగురి మద్దతు కావాలి. ‘క’ అనే అమ్మాయికి నాలుగు మొదటి స్థానాలు వచ్చాయి. మిగిలిన ఐదుగురూ ఆమెను 5, 6, 7 స్థానాల్లోకి నెట్టారు. ‘గ’కు రెండు మొదటి స్థానాలు, నాలుగు రెండో స్థానాలు, మూడు మూడో స్థానాలు. ‘చ’కు మూడు మొదటి స్థానాలు. మొదటి స్థానాలు మాత్రమే లెక్కేస్తే 4, 2, 3. ఎవరికీ ఐదు లేవు. అప్పుడు మొదటి, రెండో స్థానాలను కలుపుతారు. ‘క’ది నాలుగు దగ్గరే ఆగింది, ‘గ’ది ఆరుకు చేరింది. ‘చ’కు రెండో స్థానాలు ఒకటి కన్నా ఎక్కువ లేవనుకుంటే ఆమెదీ నాలుగే. ‘గ’ గెలిచింది. కొందరికి బాగా నచ్చి, మిగతావాళ్లకు అస్సలు నచ్చని వారికన్నా అందరికీ ఎంతో కొంత నచ్చినవారికే ఈ లెక్క మేలు చేస్తుంది. బయటపెట్టిన కార్డుల్లో హోస్టన్‌కు 2, 3, 4, 5 స్థానాలు మిగతా అందరికన్నా ఎక్కువగా కనిపించాయి.

అంటే ఫలితం ఆ నియమాలకు లోబడే వచ్చింది. ఒక ప్రధాని తన దేశపు అమ్మాయికి జడ్జీగా కూర్చోవచ్చా అన్నది వేరే ప్రశ్న. కూర్చోకూడదు. అది నిర్వాహకుల తప్పు, హోస్టన్ తప్పు కాదు. ఆమె తర్వాత కెనడాలో గ్రెనెడా హైకమిషనర్‌గా పనిచేసింది.

దక్షిణాఫ్రికా సమస్య మాత్రం రెండు సాష్‌లతో తీరలేదు. 1976లో భారత్ సహా పలు దేశాలు నిరసనగా తప్పుకున్నాయి. 1978 నుంచి దక్షిణాఫ్రికాకు తలుపులు మూసి, వర్ణవివక్ష చట్టాలు రద్దవుతున్న 1991లో మళ్లీ తెరిచారు. స్త్రీవాదుల విమర్శకు ఎరిక్ మోర్లీ భార్య జూలియా మోర్లీ ఇచ్చిన సమాధానం 1972లో వచ్చిన ‘బ్యూటీ విత్ ఎ పర్పస్’. పోటీని సేవా కార్యక్రమాలతో, విరాళాల సేకరణతో ముడిపెట్టారు. 2000లో ఎరిక్ చనిపోయాక సంస్థను ఆమే నడిపిస్తున్నారు.

కిరీటం ఎందుకు తిరిగి తీసుకుంటారు?

విజేత ఏడాది పాటు సంస్థ తరఫున తిరగాలి. ఆ ఏడాది ఆమె వ్యక్తిగత జీవితం కూడా సంస్థ ప్రతిష్ఠలో భాగమని నిర్వాహకుల లెక్క. 1973 విజేత, అమెరికాకు చెందిన మార్జరీ వాలెస్ ప్రేమ వ్యవహారాల మీద పత్రికల్లో వచ్చిన కథనాల కారణంగా మూడున్నర నెలలకే కిరీటం పోగొట్టుకుంది. 1974లో బ్రిటన్‌కు చెందిన హెలెన్ మోర్గన్ పెళ్లికాని తల్లి అని తెలియడంతో నాలుగు రోజులకే రాజీనామా చేసింది. 1980 విజేత, జర్మనీకి చెందిన గాబ్రియెలా బ్రూమ్ ఒక్క రోజు కూడా తిరక్కుండానే తప్పుకుంది.

పెళ్లయినవాళ్లు, తల్లులు పోటీ చేయకూడదన్న నియమం ఇప్పటికీ వివాదమే. 2018లో మిస్ ఉక్రెయిన్ వెరోనికా డిడుసెంకో విడాకులు తీసుకున్న తల్లి అని తెలిసి అనర్హురాలిని చేశారు, ఆమె మరుసటి ఏడాది మిస్ వరల్డ్ మీద న్యాయపోరాటం మొదలుపెట్టింది. నియమాన్ని సమర్థించేవాళ్లు ఏడాది పొడవునా దేశాలు తిరగాల్సిన బాధ్యతను చూపిస్తారు. తిరగగలదో లేదో తేల్చుకోవాల్సింది ఆ మహిళే గదా అన్నది ఎదుటివారి మాట. మిస్ యూనివర్స్ 2023 నుంచి ఈ నిషేధం ఎత్తేసింది, మరుసటి ఏడాది గరిష్ఠ వయోపరిమితి కూడా తీసేసింది. అక్కడ తల్లులు పోటీ చేస్తున్నా కార్యక్రమం ఏమీ ఆగిపోలేదు. దాన్ని చూస్తే ప్రయాణాల వాదనలో పెద్ద బలం లేదనే అనిపిస్తుంది.

లండన్ వదిలాక మొదలైన కొత్త ఆర్థికం

బ్రిటన్‌లో ప్రేక్షకుల అభిరుచి మారింది. 1979 తర్వాత బీబీసీ వదిలేస్తే ఐటీవీ అందుకుంది. 1988 తర్వాత అదీ వదిలేసింది. సొంత దేశంలో పెద్ద చానల్ లేని పోటీకి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? అప్పటిదాకా వరసగా లండన్‌లోనే జరిగిన ఫైనల్ 1989లో మొదటిసారి హాంకాంగ్ వెళ్లింది. 1992 నుంచి 1995 దాకా దక్షిణాఫ్రికాలోని సన్ సిటీ రిసార్టులో, 1997, 1998లో సీషెల్స్‌లో జరిగింది. ఇవన్నీ పర్యాటకుల కోసం ఎదురుచూసే చోట్లు. మా ఊరిని ప్రపంచ టీవీల్లో చూపించండి, ఏర్పాట్లు మేం చూసుకుంటాం అన్నదే ఒప్పందం.

ఈ పద్ధతిని పూర్తిగా వాడుకున్నది చైనా. హైనాన్ దీవిలోని సాన్యా 2003 పోటీ కోసం ‘క్రౌన్ ఆఫ్ బ్యూటీ’ పేరుతో ప్రత్యేకంగా థియేటరే కట్టింది. 2018 దాకా ఎనిమిది ఫైనళ్లు అక్కడ జరిగాయి. 2012లో ఓర్దోస్ నగరంలో జరిగినదానితో కలిపి చైనాలో తొమ్మిది. చైనా గెలిచిన రెండు కిరీటాలూ సొంత గడ్డ మీదివే. 2007లో సాన్యాలో ఝాంగ్ జిలిన్, 2012లో ఓర్దోస్‌లో యూ వెన్‌షియా. ఇది చూసి ఆతిథ్యమిస్తే కిరీటం ఖాయమని కొందరంటారు. కానీ తొమ్మిదిట్లో ఏడుసార్లు చైనా ఓడింది కూడా. 2017లో మన మానుషీ ఛిల్లర్ గెలిచింది సాన్యాలోనే. భారత్‌లో జరిగిన మూడు ఫైనళ్లలోనూ మన అమ్మాయి గెలవలేదు. సొంత గడ్డ కొంత కలిసొస్తుందేమో గానీ ఖాయమని చెప్పేందుకు ఆధారం లేదు.

ఆతిథ్యం ఎంత ప్రమాదంగా మారగలదో నైజీరియా చూపించింది. 2001లో ఆ దేశానికి చెందిన అగ్బానీ డారెగో గెలవడంతో 2002 పోటీ అబుజాలో పెట్టారు. ఒక పత్రికలో పోటీని సమర్థిస్తూ వచ్చిన వ్యాసంలో ప్రవక్త ప్రస్తావన మీద ఆగ్రహం రగిలి, కడూనా నగరంలో మత ఘర్షణలు చెలరేగాయి. 200 మందికి పైగా చనిపోయారు. పోటీని హడావుడిగా లండన్‌కు తరలించి డిసెంబరు 7న ముగించారు. అన్ని ప్రాణాలు పోయాక కూడా ఆ ఏడాదికి ఆపేయాలని నిర్వాహకులు అనుకోకపోవడం ఈ సంస్థ చరిత్రలో చెరగని మచ్చ.

బెంగళూరు 1996: నష్టం ఎలా వచ్చింది?

భారత్ తొలి ఆతిథ్యం 1996 నవంబరు 23న బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో. నిర్వహణ అమితాబ్ బచ్చన్ కంపెనీ ఏబీసీఎల్‌ది. ఆర్థిక సంస్కరణలు మొదలై ఐదేళ్లు, నగరంలో విదేశీ కంపెనీల మీద వ్యతిరేకత రగులుతున్న కాలం. అదే ఏడాది జనవరిలో కర్ణాటక రాజ్య రైతసంఘం కార్యకర్తలు కేఎఫ్‌సీ దుకాణం మీద దాడి చేశారు. సంఘం నేత ఎం.డి.నంజుండస్వామి మిస్ వరల్డ్‌ను కూడా అదే కోవలో చూశారు. మన సంస్కృతికి విరుద్ధమని బీజేపీ మహిళా నేతలు, స్త్రీ శరీరాన్ని సరుకు చేస్తున్నారని వామపక్ష మహిళా సంఘాలు వ్యతిరేకించాయి. మూడు వర్గాలూ పోటీ వద్దన్నాయి గానీ వాటి కారణాలకు పొంతన లేదు. నిరసనగా మదురైలో ఒక యువకుడు నిప్పంటించుకుని చనిపోయాడు.

వేల మంది పోలీసుల కాపలా మధ్య ఫైనల్ జరిగింది, గ్రీస్‌కు చెందిన ఐరీన్ స్క్లీవా గెలిచింది. ఈత దుస్తుల రౌండ్‌ను మాత్రం సీషెల్స్‌కు పంపేశారు. ఏబీసీఎల్‌ను ముంచినది నిరసన ఒక్కటే కాదు. ఇలాంటి కార్యక్రమంలో వేదిక, వసతి, రవాణా ఖర్చులు ముందే పెట్టాలి, స్పాన్సర్ల డబ్బు తర్వాత వస్తుంది. గొడవలు పెరిగేకొద్దీ భద్రతా ఏర్పాట్లు పెరుగుతాయి, స్పాన్సర్లు వెనకాడతారు. ఒక రౌండ్‌ను వేరే దేశానికి తరలిస్తే ఏర్పాట్లు రెండుచోట్ల చేయాలి. మొత్తం భారం ఒక ప్రైవేటు కంపెనీ మీదే పడింది. ఏబీసీఎల్ తీవ్ర అప్పుల్లో కూరుకుపోయింది.

ఈత దుస్తుల కథ ఇక్కడ నుంచే ముగింపు వైపు నడిచింది. 2003లో ‘బీచ్ బ్యూటీ’ పేరుతో అది వేరే పోటీ అయింది. 2013లో ఇండోనేసియాలోని బాలిలో ముస్లిం సంఘాల నిరసనల మధ్య బికినీ బదులు నడుముకు చుట్టుకునే సరోంగ్‌లు కట్టారు. 2015 నుంచి పూర్తిగా తీసేశారు. స్త్రీవాదులు 1970 నుంచి అడుగుతున్నది ఇన్నేళ్లకు జరిగిందని చెప్పుకోవచ్చు. కానీ దారిలో ప్రతి మలుపు దగ్గరా ఆతిథ్యమిచ్చే ప్రాంతాల అభ్యంతరాలు కూడా కనిపిస్తాయి.

1994–2000: భారత్ అన్నిసార్లు ఎందుకు గెలిచింది?

ఐశ్వర్యా రాయ్ 1994, హైదరాబాద్‌లో పుట్టిన డయానా హేడెన్ 1997, యుక్తా ముఖి 1999, ప్రియాంకా చోప్రా 2000. ఏడేళ్లలో నాలుగు మిస్ వరల్డ్‌లు. 1994, 2000లో మిస్ యూనివర్స్ కూడా మనకే. రీటా ఫారియా, మానుషీలతో కలిపి ఆరు కిరీటాలతో వెనిజులాతో సమానంగా అగ్రస్థానంలో ఉన్నాం.

ఒక వాదన అందరికీ తెలిసిందే. 1991 తర్వాత విదేశీ సౌందర్య సాధనాల కంపెనీలు మన మార్కెట్‌కు వచ్చాయి, అందుకే కిరీటాలూ వచ్చాయి అని. కాలం సరిపోతుంది కాబట్టి నమ్మబుద్ధేస్తుంది. కానీ రెండు వేర్వేరు దేశాల, వేర్వేరు యాజమాన్యాల పోటీలు ఒకే పని ఎలా చేస్తాయి? పైగా 2000 తర్వాత మన మార్కెట్ ఇంకా పెద్దదైంది, కిరీటం మాత్రం 17 ఏళ్లు రాలేదు. మార్కెట్ పరిమాణమే కారణమైతే చిన్న దేశమైన వెనిజులాకు ఆరు కిరీటాలు ఎలా వచ్చాయి? రెండో వాదన శిక్షణది. నడక, మాట, ఆహారం, ప్రశ్నలకు జవాబు చెప్పే తీరు దాకా అమ్మాయిలను నెలల తరబడి తీర్చిదిద్దే వ్యవస్థ వెనిజులాలో ముందే ఉంది. 1990లలో ఫెమినా కూడా అలాంటిదే కట్టింది. ఆ శిక్షణకు డబ్బు కొత్త మార్కెట్ నుంచి వచ్చింది. మార్కెట్ ఇక్కడి తయారీని మార్చింది అనడానికి ఆధారం ఉంది. జడ్జీల చేతిని నడిపించింది అనడానికి లేదు.

హైదరాబాద్‌లో 108 మంది నుంచి ఒకరు ఎలా తేలారు?

ఇప్పటి ఎంపికలో ఖండాలే కీలకం. అమెరికా–కరీబియన్, ఆఫ్రికా, ఐరోపా, ఆసియా–ఓషియానియా అని నాలుగు బృందాలు. ప్రతి బృందం నుంచి పదిమంది క్వార్టర్ ఫైనల్‌కు, అంటే మొత్తం 40. తర్వాత బృందానికి ఐదుగురు చొప్పున 20, ఇద్దరు చొప్పున 8, ఒక్కరు చొప్పున 4. ఆ నలుగురికీ ప్రశ్నలు, ఆపై కిరీటం. 2003 నుంచి ఉన్న ఫాస్ట్ ట్రాక్ పోటీలు, అంటే క్రీడలు, టాలెంట్, టాప్ మోడల్, సేవా ప్రాజెక్టు వంటివి గెలిస్తే 40లో చోటు ముందే ఖాయం. నందినీ గుప్తా ఆసియా–ఓషియానియా టాప్ మోడల్‌గా అలా చేరి, 20లో నిలిచి, 8లోకి రాలేకపోయింది.

ఈ పద్ధతిలో అమ్మాయి అసలు పోటీ పడేది తన ఖండం వాళ్లతోనే. ఆసియా నుంచి థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్ రెండూ 8లోకి వచ్చాయి. నలుగురిలో ఆసియాకు ఒక్క చోటే కాబట్టి థాయ్‌లాండ్ ముందుకెళ్లగానే ఫిలిప్పీన్స్ దారి మూసుకుపోయింది. ఇథియోపియా, పోలాండ్, మార్టినీక్ రన్నరప్‌లు అయ్యాయి. ముంబైలో మన సినీ శెట్టి 8 దగ్గర ఆగింది కూడా ఆసియా చోటు లెబనాన్‌కు దక్కడం వల్లే. బృందం పరిమాణం కూడా తేడా తెస్తుంది. ఉదాహరణకు ఒక బృందంలో 30 మంది ఉంటే ముగ్గురిలో ఒకరికి క్వార్టర్స్ దక్కుతుంది, 20 మందే ఉంటే ఇద్దరిలో ఒకరికి. చిన్న దేశాలకూ ప్రతి ఖండానికీ చివరిదాకా అవకాశం ఉంటుందని సమర్థకులు చెబుతారు. అత్యుత్తములైన ఇద్దరు ఒకే ఖండంలో ఉంటే ఒకరికి అన్యాయం జరుగుతుందన్నది విమర్శ. రెండూ నిజమే.

డబ్బు తిరిగొచ్చిందా అని ఎలా లెక్కించాలి?

మే 10న గచ్చిబౌలి స్టేడియంలో మొదలై మే 31న హైటెక్స్‌లో ముగిసిన పోటీలో అమ్మాయిలను చార్మినార్, లాడ్ బజార్, పోచంపల్లి, రామప్ప, నాగార్జునసాగర్ బుద్ధవనం తిప్పారు. అది పర్యాటక ప్రచారం, ఒప్పందంలో అసలు సరుకు అదే. ఖర్చు రూ.54 కోట్లని, అందులో రాష్ట్ర వాటా సగం, రూ.27 కోట్లని, దాన్నీ స్పాన్సర్ల ద్వారా రాబడతామని ప్రభుత్వం చెప్పింది. ఇది ప్రజాధనం దుబారా అని ప్రతిపక్షం అంది. పోటీయే వద్దని మహిళా సంఘాలు అన్నాయి. రామప్పలో స్థానిక మహిళలు పోటీదారుల కాళ్లు కడిగిన దృశ్యం అందరినీ కలచివేసింది. గుడిలోకి వెళ్లేముందు కాళ్లు కడుక్కోవడం ఆచారమన్నది ప్రభుత్వ వివరణ. కాళ్లు కడుక్కోవడం ఆచారమే, ఇంకొకరి చేత కడిగించడం మీదే అభ్యంతరం. మిస్ ఇంగ్లండ్ మిల్లా మాగీ మధ్యలో తప్పుకుని, తమను స్పాన్సర్లను మెప్పించడానికి కూర్చోబెట్టారని బ్రిటిష్ పత్రికలో ఆరోపించింది. నిర్వాహకులు ఖండించారు, రాష్ట్ర ప్రభుత్వం విచారణకు ఆదేశించింది.

లాభనష్టాల వాదనలో ఇరుపక్షాలూ రెండు వేర్వేరు లెక్కలు చెబుతుంటాయి. ఊహకు ఒక అదనపు విదేశీ పర్యాటకుడు రాష్ట్రంలో లక్ష రూపాయలు ఖర్చు చేస్తాడని, అందులో పన్నుల రూపంలో ఖజానాకు పదివేలు చేరతాయని అనుకుందాం. రూ.27 కోట్లు హోటళ్లు, క్యాబ్‌లు, చేనేత దుకాణాల వ్యాపారం రూపంలో రావాలంటే 2,700 మంది అదనంగా వస్తే చాలు. అదే మొత్తం ఖజానాకే తిరిగి రావాలంటే 27,000 మంది రావాలి. పదింతల తేడా! ఏ లెక్క వాడుతున్నారో చెప్పకుండా ‘లాభం’ అన్నా ‘నష్టం’ అన్నా వినేవాడికి ఏమీ తెలియదు.

ఇక్కడ కీలకం ‘అదనపు’ అన్న షరతు. విమాన టికెట్ల ధరలు, వీసా నియమాలు, కొవిడ్ తర్వాత ఎటూ పెరుగుతున్న ప్రయాణాలు అన్నీ తీసేశాక మిగిలేదే పోటీ వల్ల వచ్చిన పర్యాటకుల సంఖ్య. దాన్ని పట్టుకోవాలంటే పోటీకి ముందు రెండు మూడేళ్లు, తర్వాత రెండు మూడేళ్లు నెలవారీ రాకపోకలను, పోటీ జరగని పొరుగు రాష్ట్రాలతో పక్కపక్కన పెట్టి చూడాలి. రామప్ప, పోచంపల్లిలకు వచ్చిన విదేశీయుల సంఖ్య విడిగా చూడాలి, ఎందుకంటే హైదరాబాద్‌కు ఐటీ పనుల మీద వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. స్పాన్సర్లు రాష్ట్ర వాటాలో ఎంత భరించారో, పోలీసు బందోబస్తు, రోడ్ల మరమ్మతులు రూ.54 కోట్లలో ఉన్నాయో బయట ఉన్నాయో కూడా ఆ పట్టికలోనే ఉండాలి.